ఏడువందల డెబ్బై ఒకటో తలుపు

“నిర్లక్ష్యం అని రాశాను. హత్య అని రాయలేదు. అది నా మంచితనం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. బల్ల మీది కాగితాన్ని ఒక్క వేలితో ఆమె వైపు తోశాడు. “నాలుగింటికల్లా సంతకం కావాలి.”

కోడలు పెన్ను తీసుకుంది.

“ఆగమ్మా,” అంది డిటెక్టివ్ గుమ్మంలోంచి. “ఇంకా రెండున్నర కూడా కాలేదు. నాలుగింటి పని నాలుగింటికి చేద్దువుగాని.”

పోలీసులు ఆమెను చాటున ‘అత్తగారు’ అంటారు. గిన్నె తళతళలాడుతున్నా అడుగున మసి ఉందేమో తిప్పి చూసే మనిషని. ఈ కేసులోకి ఆమెను పిలిచింది మాత్రం నిజమైన అత్తగారే. మంగళవారం పటాల భాండాగారంలో చనిపోయిన పెద్దాయన భార్య. “మా ఆయన్ని ఎలాగూ తేలేరు. మా కోడల్ని తెచ్చివ్వండి,” అందావిడ. ఇప్పుడు ఇక్కడే, భాండాగారం వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది.

పెద్దాయన ఆ భాండాగారానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు సంరక్షకుడు. లోపలివి పాత సర్వే పటాలు, అన్నీ కాగితం. నిప్పు అంటుకుంటే నీళ్ళు చల్లకూడదు గనుక, తలుపు మూసేసి గదంతా గ్యాస్‌తో నింపే ఏర్పాటు చేశారు. ఆ గ్యాస్‌కి మంట ఊపిరాడక చస్తుంది. లోపల మనిషి ఉంటే మనిషి కూడా. అందుకే ముందు సైరన్ మోగుతుంది. లైట్లు, సైరన్, తలుపు, గ్యాస్, నాలుగూ పక్కగదిలోని ఒకే కంప్యూటర్ చేతిలో ఉన్నాయి. ఆ కంప్యూటర్‌ను నడిపే పని కోడలిది. మంగళవారం ఉదయం 10:41కి, ఎక్కడా నిప్పు లేకుండానే గ్యాస్ విడుదలైంది.

“మాట్లాడుకోండి, మాట్లాడుకోండి,” అంటూ ఇన్‌స్పెక్టర్ లేచాడు. “మూడుంపావుకి ఆ రోజు జరిగిందంతా మళ్ళీ జరిపి చూస్తున్నాం. సైరన్ మోగుతుంది. పెద్దాయన నిలబడ్డచోట ఈవిడ నిలబడుతుంది. గ్యాస్ ప్రోగ్రామ్ ఆపేశాం, భయం లేదు.”

“సిలిండర్ తీసేశారా?”

“మొదటిది మంగళవారమే ఖాళీ అయింది. రెండో సిలిండర్ తీయడానికి వీల్లేదట. పటాలకి రక్షణ ఉండాలి కదా. ప్రోగ్రామ్ ఆపాక సిలిండర్ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?” అతను వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కోడలికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది.

“కంప్యూటర్ గురించి నాకు తెలిసింది, కరెంటు పోతే ఆగిపోతుందని మాత్రమే. అక్కణ్ణించి చెప్పు.”

కోడలు తల ఎత్తింది. నాలుగు రోజులుగా నిద్రలేని ముఖం. గొంతు మాత్రం స్థిరంగానే ఉంది.

“కెర్నల్ అని ఒకటి ఉంటుందండి. ఇంటి పెద్ద అనుకోండి. మిగతా ప్రోగ్రాములన్నీ ఇంట్లో మనుషులు. పోర్టు అంటే బయటి వస్తువుకి వెళ్ళే తలుపు. తలుపుకో నంబరు. 768 లైట్లు, 769 సైరన్, 770 తలుపు గొళ్ళెం, 771 గ్యాస్. ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో పట్టీ రాసిపెట్టి ఉంటుంది, ఏ తలుపు ముట్టుకోవచ్చో, ఏది కూడదో.”

“కూడని తలుపు ముట్టుకుంటే?”

“చిప్ ఒప్పుకోదు. వెంటనే కెర్నల్ దాన్ని చంపే…” ఆగింది. “ఆపేస్తుంది. ఆపేసి, ఎవరు తట్టారు, ఎవరి ఖాతా నుంచి, ఎప్పుడు మొదలయ్యారు అని రాసిపెడుతుంది.”

“మంగళవారం ఏం రాసింది?”

“ఏమీ రాయలేదు. అనుమతి ఉన్నవాడు వెళ్తే రాయదండి. అంటే, గ్యాస్‌ని ఎవరు ముట్టుకున్నా, వాళ్ళకి అనుమతి ఉంది.”

“ఆ పట్టీలో అనుమతి ఎలా రాసుంటుంది?”

“సున్నాలూ ఒకట్లూ. సున్నా ఉంటే వెళ్ళొచ్చు. ఒకటి ఉంటే వెళ్ళకూడదు.”

“తిరగేసి చెప్పలేదు కదా?”

“లేదండి. వినగానే అందరూ అలాగే అంటారు. చిప్ చేసినవాళ్ళే అలా పెట్టారు. నేనైతే ఇలా గుర్తుపెట్టుకున్నాను: సున్నా అంటే నోరు తెరిచిన గుమ్మం. ఒకటి అంటే అడ్డగడియ.”

“పట్టీని ఎవరు మార్చగలరు?”

“పెద్ద ఖాతా ఉన్నవాళ్ళు. ఫలానా తలుపు తెరవమని నంబరు చెప్తే చాలు, సున్నా, ఒకటి కెర్నలే రాసుకుంటుంది. నాకుంది, మామయ్యకి ఉంది. నాది మంగళవారమే పోలీసులు మూసేశారు, మామయ్యది అలాగే ఉంది.” చేతిలో పెన్ను ఇంకా ఉందని అప్పుడే గుర్తొచ్చినట్టు కింద పెట్టింది. “నా లైట్ల ప్రోగ్రామ్‌కి గ్యాస్ అనుమతి ఉన్నట్టు ఏదో కాగితం దొరికిందట. ఆ మాట చెప్పారు, చూపించలేదు. నాలుగు రోజులుగా నేను రాసిందంతా మనసులో చదువుకుంటున్నాను. తప్పు దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు కదండీ.”

“అందుకని సంతకమా?”

కోడలు పెన్నును పక్కకి జరిపింది.

“లైట్లు ఆర్పింది మాత్రం నా ప్రోగ్రామే. లోపల మూడు నిమిషాలు ఏ కదలికా లేకపోతే ఆర్పేస్తుంది. 10:45కి ఆరిపోయాయి. తలుపు కింద వెలుగు పోవడం వాచ్‌మన్ చూశాడు. మామయ్య వెళ్ళిపోయారనుకున్నాడు.”

డిటెక్టివ్ పుస్తకంలో ‘10:45’ అని రాసుకుని, దాని కింద గీత గీసింది.

*

భాండాగారం తలుపు దగ్గర భద్రతాధికారి ఎదురొచ్చాడు. నవ్వు ముఖం, జేబులో నాలుగు పెన్నులు, మెళ్ళో స్టాప్‌వాచ్. అగ్నిప్రమాదాల ఏర్పాట్లన్నీ అతని బాధ్యత.

“చూడ్డానికేం లేదు మేడమ్. ఉన్నది ఉన్నట్టే ఉంచాం.”

“ఉన్నది ఉన్నట్టు ఉంటేనే చూడాలి.”

గది పొడుగ్గా ఉంది. రెండు పక్కలా ఉక్కు సొరుగులు, ప్రతి సొరుగుకూ నంబరు. పైన గ్యాస్ గొట్టాల మూతులు. తలుపు నుంచి పద్నాలుగో సొరుగు దాకా డిటెక్టివ్ నడిచి లెక్కపెట్టింది. పంతొమ్మిది అడుగులు. ముసలాయన నడకతో అయినా పావు నిమిషం.

“సైరన్ మోగాక గ్యాస్ రావడానికి ఎంతసేపు?”

“నలభై సెకన్లు.”

“పావు నిమిషంలో బయటపడగల మనిషి నలభై సెకన్లు ఎందుకు నిలబడ్డాడు?”

“ప్రతి మంగళవారం 10:40కి సైరన్ పరీక్ష మేడమ్. పదేళ్ళుగా మోగుతోంది. ఇప్పుడు ఎవరూ తల కూడా ఎత్తరు.” అతను నిట్టూర్చాడు. “అలవాటు చాలా చెడ్డది.”

పద్నాలుగో సొరుగు సగం లాగి ఉంది. పైన చీటీలో పన్నెండు పటాల పేర్లున్నాయి. డిటెక్టివ్ ఒక్కో అంచూ వేలితో ఎత్తి లెక్కపెట్టింది. తొమ్మిది. సొరుగు మూల పెద్దాయన జాబితా ఉంది. ఒకటి నుంచి పదమూడు దాకా ప్రతి సొరుగు ఎదుటా పెన్సిల్‌తో టిక్కు. పద్నాలుగు ఎదుట టిక్కు లేదు. అడ్డంగా మూడు చిన్న గీతలు, అంతే.

“మూడు తక్కువున్నాయి.”

“బాగుచేయడానికి వెళ్ళుంటాయి.”

“బయటికి వెళ్ళినట్టు పుస్తకంలో లేదు.”

“పెద్దాయనకి మతిమరుపు మొదలైంది మేడమ్. పోయినవాళ్ళ గురించి చెప్పకూడదు గాని.”

“చెప్పేశారుగా,” అంది డిటెక్టివ్. “లోపలికి తోడు లేకుండా వచ్చే హక్కు ఎంతమందికుంది?”

“పెద్దాయనకి. గొట్టాలు చూడ్డానికి నాకు.” నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. “మా గదిలో కూర్చుందాం రండి, ఇక్కడ చలి.”

అతని గది శుభ్రంగా ఉంది. బల్ల వెనక గోడకు అద్దం కట్టిన పట్టిక. ఎడమవైపు ప్రోగ్రాముల పేర్లు, పైన తలుపుల నంబర్లు, గళ్ళలో సున్నాలూ ఒకట్లూ. డిటెక్టివ్ దాని ముందు చాలాసేపు నిలబడింది. ‘లైట్లు’ అన్న వరుసలో 768 కింద ఒకటి ఉంది. మిగతావన్నీ సున్నాలు.

“ఇదేంటండీ?”

“ఎవరికి ఏ తలుపుకి అనుమతి ఉందో ఆ పట్టిక. ఒకటి ఉంటే ఉన్నట్టు, సున్నా ఉంటే లేనట్టు.”

“కంప్యూటర్ లోపల కూడా ఇలాగే ఉంటుందా?”

“అచ్చం ఇలాగే మేడమ్. దీన్నే పెద్దగా రాసి గోడకి పెట్టారు. నాకు కంఠతా వచ్చు.”

“మంచి జ్ఞాపకశక్తి,” అంది డిటెక్టివ్. టైము చూసుకుంది. 2:56.

*

ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ గదిలో ఉన్నాడు. ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

“అత్తగారూ, ఇది సీలు వేసిన గది.”

ఆ పేరు ముఖాన అనడం అదే మొదటిసారి. ఆమె పట్టించుకోలేదు.

“మీ దగ్గరున్న కాగితం చూపించండి.”

“సాక్ష్యాలు బయటివాళ్ళకి చూపించం.”

“చూపించకండి. చదివి వినిపించండి. ఆ అమ్మాయిని కూడా పిలవండి. తన మీది నేరం తను వినొచ్చు కదా.”

అతను చదవడానికి ఇష్టపడే మనిషి. గెలిచే కాగితమైతే మరీను. కోడలు వచ్చి గోడ పక్కన నిలబడ్డాక ఫైలు విప్పాడు.

“మంగళవారం, 10:41. కెర్నల్ లోపలి పట్టీ, యంత్రం నుంచి తీసిన ప్రతి. లైట్ల ప్రోగ్రామ్. 768 దగ్గర ఒకటి. 769 సున్నా. 770 సున్నా. 771 దగ్గర ఒకటి! తర్వాతవన్నీ సున్నాలు.” తల ఎత్తాడు. “771 అంటే గ్యాస్. ఈవిడ ప్రోగ్రామ్‌కి దాంతో ఏం పని?”

కోడలు గోడకు ఆనుకుంది. డిటెక్టివ్ ఆమెనే చూస్తోంది.

“చెప్పమ్మా. లోపలి పట్టీలో ఒకటి అంటే?”

“వెళ్ళకూడదని,” అంది కోడలు మెల్లగా.

“అబ్బే!” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఒకటి అంటే ఉంది, సున్నా అంటే లేదు. బడికెళ్ళని పిల్లాడికి కూడా తెలుసు.”

“ఆ షెల్ఫులో చిప్ తాలూకు పుస్తకం ఉంది. మూడో అరలో,” అంది కోడలు.

అతను తనే తీసి, ఆమె చెప్పిన పేజీ తిప్పి, నిలబడే చదివాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి కుర్చీలో కూర్చుని చదివాడు.

“ఈ కాగితం ప్రకారం మంగళవారం 10:41కి లైట్ల ప్రోగ్రామ్ గ్యాస్‌ని ముట్టుకోలేదు,” అంది డిటెక్టివ్. “అంతేకాదు, లైట్లని కూడా ముట్టుకోలేదు. ముట్టుకుంటే అక్కడికక్కడే ఆగిపోవాలి. కాని 10:45కి లైట్లు ఆర్పింది. మీ వాచ్‌మనే చెప్పాడు. కాగితం నిజమైతే ఈ అమ్మాయి నిర్దోషి. అబద్ధమైతే ఎవరో కూర్చుని తయారుచేశారు. మీకేది కావాలో కోరుకోండి.”

డిటెక్టివ్ కోడలి వైపు తిరిగింది.

“భద్రతాధికారి గదిలో గోడ మీద పట్టిక ఉంది. అందులో ఒకటి అంటే అనుమతి.”

“అది నేనే రాశానండి. మామయ్య అడిగారు. ‘ఉందనడానికి సున్నా ఏంటమ్మా, ఎవడికి ఎక్కుతుంది, తిరగేసి రాయి’ అన్నారు. గోడ మీద దానికి మాత్రం తిరగేశాను. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఎవరికైనా చెప్పాలని కూడా తోచలేదు.”

“పెద్దాయన మనుషుల కోసం మార్చాడు. మనుషుల్లో ఒకడు దాన్నే యంత్రం మాట అనుకున్నాడు. కాగితం మీకెవరిచ్చారు?”

“భద్రతాధికారి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. పుస్తకం మూశాడు. “దొంగ కాగితం అయితే అయింది. గ్యాస్ అతనే వదిలాడని దానివల్ల తేలదు.”

“తేలదు. అందుకే ఇప్పుడు యంత్రంలో ఉన్న అసలు పట్టీ చూద్దాం. ఈ అమ్మాయి ఖాతా తెరిపించండి.”

“ముద్దాయి చేతికే తుపాకీ ఇమ్మంటారా?”

“తుపాకీ కాదు, గడియ. పక్కనే కూర్చుని చూడండి.”

అతను గడియారం చూశాడు, కంప్యూటర్‌ను చూశాడు. తప్పయితే ఉద్యోగం పోతుంది. ఒప్పయితే నాలుగు రోజుల దర్యాప్తు పోతుంది. ఎప్పుడు లేచి వచ్చిందో, పెద్దాయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

“బాబూ,” అంది. “దాని చేతికి మా బీరువా తాళాలిచ్చి తొమ్మిదేళ్ళయింది. నువ్వొక పది నిమిషాలు ఇవ్వలేవా?”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు.

*

ఖాతా తెరుచుకునేసరికి 3:08. భాండాగారంలో టేపు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు పోలీసులను ఇన్‌స్పెక్టర్ వెనక తలుపు గుండా బయటికి రప్పించాడు. మాట బయటికి పొక్కకూడదన్నాడు. భద్రతాధికారి, అమ్మాయి లోపలే ఉందనుకుంటూ, వరండా చివర స్టాప్‌వాచ్‌తో తన చోటులోనే ఉన్నాడు.

కోడలు కీబోర్డు ముందు కూర్చుంది. రెండు లైన్లు కొట్టింది. తెర మీద వరుసలు వచ్చాయి. దాదాపు అన్నీ ఒకట్లు. లైట్ల వరుసలో ఒకే సున్నా, 768 కింద.

“అంతే ఉండాలి,” అంది. దాని కింద వరుస దగ్గర వేలు ఆగింది. “ఇది సైరన్. 769 సున్నా, సరే. 771…”

అక్కడా సున్నాయే.

“సైరన్‌కి గ్యాస్‌తో ఏం పని?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఏమీ లేదండి. ఎప్పుడూ లేదు.”

“మూడుంపావుకి మోగాల్సింది ఇదే కదా?”

“ఇదే.”

ఇన్‌స్పెక్టర్ మెడ రుద్దుకున్నాడు. “ఎప్పటిదో పొరపాటు కావచ్చు. తాళంచెవి ఉన్నవాడల్లా దొంగ కాడు.”

“నిజమే,” అంది డిటెక్టివ్. ఆ మాటలో వెటకారం లేదు. “కాబట్టి ప్రోగ్రామ్‌ని ఆపొద్దు. తలుపుకి గడియ వేసి, తడుతుందో లేదో చూద్దాం. తట్టకపోతే పొరపాటు.”

అనుమతి అడిగినట్టు కోడలు ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె 771 కింది సున్నాను ఒకటి చేసింది. ఒక్క అంకె. 3:12.

ఇంకా మూడు నిమిషాలు. డిటెక్టివ్‌కు పెద్దాయన జాబితాలోని ఆ మూడు గీతలు గుర్తొస్తున్నాయి. వాటిని గీసి, పెన్సిల్ ఎత్తి, సైరన్ విని, మంగళవారమే కదా అనుకుని ఉంటాడు. ఆ మనిషి చివరిగా అనుకున్న మాట బహుశా అంత మామూలుది.

3:15. సైరన్ మోగింది. గోడలు, కిటికీ అద్దాలు, కుర్చీ చేతులు అన్నీ దానితో కలిసి అదిరాయి. పెద్దాయన భార్య చెవులు మూసుకోలేదు. ఇన్‌స్పెక్టర్ సెకన్లు లెక్కపెడుతున్నాడు. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై.

మోత ఆగింది. తెర మీద నాలుగు లైన్లు వచ్చాయి. కోడలు చదవడం మొదలుపెట్టింది.

“తట్టిన తలుపు, 771. అనుమతి లేదు, ఆపేశాను. ప్రోగ్రామ్, సైరన్. మొదలైన సమయం, ఈ రోజు 12:05.” నాలుగో లైను దగ్గర ఆగిపోయింది.

“ఖాతా ఎవరిదమ్మా?” అడిగింది పెద్దాయన భార్య గుమ్మంలోంచి.

“మామయ్యది, అత్తయ్యా. ఇవాళ్టి తేదీతో.”

పెద్దావిడ గుమ్మం పట్టుకుంది. డిటెక్టివ్ లేచి వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకుంది. వెనక్కి తిరగకుండానే అడిగింది: “పన్నెండూ ఐదుకి ఈ గదిలో ఎవరున్నారు?”

ఇన్‌స్పెక్టర్ జేబులోని తాళంచెవి తడుముకున్నాడు.

“లోపల ఫ్యాను శబ్దం చేస్తోందన్నాడు. పది నిమిషాలు తాళం ఇచ్చాను. నేనే ఇచ్చాను.”

“ఈ అమ్మాయిని లోపల నిలబెట్టాలన్న ఆలోచన?”

“అతనిదే.”

అంటే లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఆ కాగితం అబద్ధమని ఒక్క చూపులో చెప్పగల మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ ఈ క్షణాన భాండాగారంలో, పద్నాలుగో సొరుగు పక్కన ఉండాల్సింది.

వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. పిడికిలితో భాండాగారం తలుపు దబదబా బాదారు.

“గ్యాస్! గ్యాస్ వదిలేసింది! లోపల అమ్మాయి ఉంది, ఎవరైనా రండి!” అని భద్రతాధికారి గొంతు. ఏడుపు కూడా కలిసింది అందులో.

కోడలు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గోడ మీద గ్యాస్ ఒత్తిడి చూపే మీటర్ వైపు చూసింది. ముల్లు కదల్లేదు. ఎక్కడా బుస్సుమన్న చప్పుడు లేదు.

ఇన్‌స్పెక్టర్ తొందర లేకుండా లేచాడు. వరండాలోకి నడిచి, తలుపు బాదుతున్న మనిషి వెనక నిలబడ్డాడు.

“ఏ గ్యాస్?” అని అడిగాడు.